మడి నిండేదాకా పాట

చెన్నమ్మ బోరు షెడ్డులో ఏదో క్షుద్రపూజ జరుగుతోందని పక్కింటి ఉమామహేశ్వరమ్మ మా పిన్నితో చెప్పిందట. పిన్ని నా దగ్గరికి తెచ్చేసరికి అందులో ఒక మేకపోతు కూడా చేరింది.

"పగలు కరెంటు రాంగానే మొదలుపెడ్తారంట. ఒగడు తీగలు పట్టుకోని మూలిగిస్తాడంట, ఇంగొగడు డబ్బాలు పగలగొడ్తాడంట. అహోబిలం అయ్యగారి కూతురు కండ్లు మూసుకోని ఊగుతాదంట. చెన్నమ్మేమో గట్టుమీద కావిలి!"

మేకపోతు సంగతి తప్ప మిగతాదంతా నిజమే.

మూలిగేది జాషువా గిటారు. అతను చెన్నమ్మ కొడుకు. డబ్బాలనుకున్నవి జయరాజు డ్రమ్స్. ఊగే పిల్ల గోదా, బ్యాండుకు గొంతు ఆమెదే. నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు కలిసిన ముగ్గురూ చదువయ్యాక బ్యాండు పెట్టి, దానికి 'త్రీ ఫేజ్' అని పేరు పెట్టుకున్నారు. సంజామల పక్కన మా ఊళ్లో పొలాలకు త్రీ ఫేజ్ కరెంటు ఇచ్చినప్పుడే ఆ షెడ్డులో గిటారు పలుకుతుంది మరి.

"ఏం పాటరా ఇది?" అని మొదటిరోజే అడిగింది చెన్నమ్మ.

"సైకెడెలిక్ రాక్ మా. వింటాంటే మనసు యాడికో తేలిపోతాది."

"తేలిపోనీ. నీళ్లు మాత్రం మడి దాటి పోగూడదు."

షెడ్డుకు ఆమె అడిగిన బాడుగ అదే. మోటారు ఆడుతుంటే ఉల్లి మడులకు నీళ్లు పారుతుంటాయి. మోకాళ్ల నొప్పితో వంగలేదు కనుక ఆమె గట్టున కూర్చుని చూస్తుంది. మడి నిండగానే "మడి నిండిందిరా!" అని కేకేస్తుంది. పాట ఎక్కడుంటే అక్కడ ఆపేసి, ముగ్గురిలో ఒకరు పార అందుకుని ఉరికి, మడవ తిప్పి నీళ్లను పక్క మడికి వదలాలి. తిరిగొచ్చాక మళ్లీ పాట.

అలా ఏడాది సాధన చేశారు. వాళ్ల పాటలకు మంచి మొదలుంది, ఇంకా మంచి నడుమ ఉంది. చివర మాత్రం లేదు. ఆ సంగతి నంద్యాలలో ఒక కాలేజీ ఫంక్షన్‌కు పోయేదాకా వాళ్లకే తెలియదు.

అక్కడ పాట బ్రహ్మాండంగా లేచింది. పిల్లలు ఫోన్లు వెలిగించి ఊగారు. ఊగి ఊగి కూర్చున్నారు. స్టేజీ మీద ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తూనే ఉన్నారు. జయరాజు ఆపితే జాషువా ఆపడు, జాషువా ఆపితే గోదా అందుకుంటుంది. సాంబారు చల్లారిపోతోందని వంటవాళ్లు మొత్తుకుంటే చివరికి ప్రిన్సిపాలే ప్లగ్గు పీకించాడు.

అయినా ఎవరో తీసిన వీడియో బెంగుళూరు చేరింది. అక్కడ ఏటా జరిగే పాటల పండగకు బ్యాండ్లను ఏరే వందన ఫోన్ చేసింది.

"మీ సౌండు నాకు చాలా నచ్చింది. వచ్చే వారం ఆళ్లగడ్డలో మీ షో ఉందట కదా, దానికి నేనే వస్తాను. కానీ పాట ముగించడం రాని బ్యాండును స్టేజీ ఎక్కించలేను. మీ తర్వాత ఇంకా చాలామంది ఉంటారు."

జాషువాకు ఆ పండగ ఎనిమిదో తరగతి నుంచీ కల. ఆ వారమంతా ముగ్గురూ ముగింపు కోసం కొట్టుకున్నారు. గోదా తల ఊపితే ఆపాలనుకున్నారు. గోదా పాడేటప్పుడు ఎప్పుడూ తల ఊపుతూనే ఉంటుంది. జయరాజు డ్రమ్స్‌కు తగిలించిన ఇత్తడి పళ్లెం మీద కొట్టాక ఆపాలనుకున్నారు. జాషువా కళ్లు మూసుకుంటే అతనికి పళ్లెమూ వినపడదు, పిడుగూ వినపడదు.

ఆళ్లగడ్డలో షో శిల్పులు రాళ్లు చెక్కే ఆవరణలో. సామాను ఉల్లిగడ్డల ఆటోలో వచ్చింది, దాంతోపాటు చెన్నమ్మా వచ్చింది.

"నువ్వెందుకు మా?" అన్నాడు జాషువా.

"ఆటో నాది. నువ్వెందుకు?"

ముక్కు ఇంకా చెక్కని నంది పక్కన ఒక బండ చూసుకుని కూర్చుందామె. ముందు వరుసలో వందన. పాట మొదలైంది, లేచింది, రాతి దుమ్ములో సుడి తిరిగింది. శిల్పులు ఉలులు పక్కన పెట్టి విన్నారు. నడుమ దాటాక గోదా తల ఊపింది, ఎవరూ ఆపలేదు. జయరాజు పళ్లెం మోగించాడు, జాషువా కళ్లు మూసుకునే ఉన్నాడు. వందన గడియారం చూసుకుంది.

అప్పుడు నంది పక్కనుంచి కేక.

"మడి నిండిందిరా!"

గిటారు, డ్రమ్స్, గొంతు మూడూ ఒక్క దెబ్బకు తెగాయి. జయరాజు అలవాటుగా పార కోసం సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. తర్వాత శిల్పులు ఈలలేశారు.

వందన లేచి పరుగులాంటి నడకతో చెన్నమ్మ దగ్గరికి వచ్చింది. వెనకే ముగ్గురూ.

"ఆంటీ! ఇలాంటి ముగింపు నేను ఎక్కడా వినలేదు. వీళ్లను తీసుకుంటున్నాను. కానీ మీరూ రావాలి, ఆ కేక మీరే వేయాలి. వచ్చే నెల మొదటి వారం."

జాషువా అమ్మ చేయి పట్టుకున్నాడు. "మా, వస్తావు కదా?"

చెన్నమ్మ చీరకు అంటిన రాతి దుమ్ము దులుపుకుంది.

"అప్పుడే గదరా ఉల్లికి ఆఖరు తడి. మనమందరం ఆడికి పోయి అరుస్తాంటే ఈడ మడవ ఎవురు తిప్పుతారు? ఈ బెంగుళూరు యమ్మి వస్తాదా?"