గొంతులో హార్మోనీ

మా ఊళ్ళో గంగమ్మ సంబరంలో అందరికంటే ముందు పాట ఎత్తేది ముసలమ్మ. పేరే ముసలమ్మ గాని అంత వయసు లేదు. నిరుడు ఆమెకి జలుబు చేస్తే కొండబాబు పెళ్ళాం కుసుమ ఎత్తింది. పాట అయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు. ముసలమ్మ పాడినప్పుడు సగం మంది ప్రసాదం దగ్గర ఉండేవారు. అప్పటినుంచి ఆమె కుసుమ గుమ్మం ముందునుంచి పోవడం మానేసి, ఎండలో ఇసక మీద చుట్టు తిరిగి పోయేది.

ఈ ఏడు కుసుమ కుండెడు అన్నం తిన్నా చిక్కిపోయింది. మెడ ముందు వాపు, గుండె దడ, చేతుల వణుకు. కొండబాబు పలాస తీసుకెళ్ళాడు. మెడలో ఒక గ్రంథి ఉంటుందని, అందులో హార్మోను ఎక్కువ ఊరుతోందని, రోజూ మాత్ర మింగితే తగ్గుతుందని డాక్టరు చెప్పాడట. ఆ మాట నోళ్ళు మారి ముసలమ్మకి చేరేసరికి హార్మోను కాస్తా హార్మోనీ అయింది. భజనలో వాయించే హార్మోనీ పెట్టె ఆమెకి తెలుసు.

"గొంతులో హార్మోనీ ఎట్టుకుని పాడితే ఎవులు పాడరు?" అంది కుళాయి దగ్గర. "మాత్రలేసి దాన్ని తగ్గించీసినాక సూద్దాం, దీని పాట."

మేమంతా నవ్వాం. బిందె పట్టుకుని వెనకే నిలబడ్డ కుసుమ నవ్వలేదు. మర్నాటినుంచి మాత్ర మానేసింది.

సంబరం రెండు నెలలుందనగా పాటలు నేర్చుకోడానికి కూర్చున్నాం. కుసుమ పాట ఎత్తబోయి ఒరిగిపోయింది. తాళాలు వదిలేసి ముందు పట్టుకున్నది ముసలమ్మే. మాత్రలు ఏసుకోలేదా అని అడిగింది.

"అవేసుకుంటే పాట పోతాదన్నావు కదత్తా."

 ముసలమ్మ ఇప్పుడు ఊరుకుంటే ముందు పాట మళ్ళీ తనదే. అది ఆమెకి తెలుసు, చుట్టూ ఉన్న మాకూ తెలుసు. కొంగుతో కుసుమ మెడ తుడిచింది.

"నీ పాటంటే నాకు కుళ్ళే, పిల్లా. అందుకే అలగన్నాను. మాత్రకి పాట పోదు. మింగు."

కొండబాబు ఆ పూటే మళ్ళీ పలాస తీసుకెళ్ళాడు. తర్వాత రోజూ పొద్దున్నే ముసలమ్మ కుసుమ గుమ్మంలోనే నిలబడి, మాత్ర మింగేదాకా కదిలేది కాదు.

సంబరం నాటికి వణుకు ఆగింది. కుసుమే పాట ఎత్తింది. గొంతు ఎక్కడికీ పోలేదు, నిరుటికంటే బాగుంది. పక్కన ముసలమ్మ మొహం మాడిపోయింది. తాళం మాత్రం తప్పలేదు.