మైనం డబ్బాలు, ఇరవై రెండు కోడిపిల్లలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మ, బాపమ్మ, నేను, కాజీపేట నుంచి వచ్చిన చిన్నమ్మ బిడ్డ తేజస్వి. బాపమ్మ లెక్కలో మాత్రం ఇరవై ఆరుగురం. సామాన్ల అర్రలో గంప కింద ఉన్న ఇరవై రెండు కోడిపిల్లలను కూడా ఆమె ఇంటివాళ్లలోనే కలుపుతుంది. నాయిన పత్తి వేసుకొని నెక్కొండ మార్కెట్టుకు పోయాడు. కరెంటు పొద్దుననే పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట, రేపటిదాకా రాదట.

కరెంటు లేకపోతే అర్రలో బల్బు వెలగదు. బల్బు వెలగకపోతే పిల్లలకు వెచ్చదనం ఉండదు. పోయిన చలికాలం ఇలాగే కరెంటు పోయి పదకొండు చచ్చిపోయాయి. బాపమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అందుకే ఈసారి నా డబ్బాలకు అవకాశం దొరికింది. రెండేసి కిలోల డబ్బాలు ఐదింటికి నల్లరంగు వేసి మైనం నింపాను. చర్చిలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలను తేజస్వి ఏడాదిగా సంచుల్లో తెచ్చిపెట్టింది. పగలంతా డాబా మీద పాత కిటికీ అద్దం కింద పెడితే మైనం నీళ్లలా కరుగుతుంది. కరగడానికి మింగిన వేడిని, మళ్లీ గట్టిపడేటప్పుడు మెల్లమెల్లగా వదులుతుందని సైన్సు సారు చెప్పారు. ఈ సంగతి ఇంట్లో చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచాను, మాట బయటికి రాలేదు. నాలుగుసార్లూ అమ్మ "మంచినీళ్లు కావాల్నా?" అంది. చివరికి తేజస్వే చెప్పింది.

"ఒక్క పిల్ల సచ్చినా నీ డబ్బాలు పాతసామాన్లకు ఏస్త," అంది బాపమ్మ.

పొద్దుగూకగానే డబ్బాలకు గోనెసంచులు చుట్టి గంప చుట్టూ పెట్టాం. బడి నుంచి తెచ్చిన థర్మామీటరును ఒక డబ్బాలో దించి, అరగంటకోసారి డైరీలో రాశాను. ఆరున్నరకు యాభై ఐదు. ఏడింటికి యాభై నాలుగు. ఏడున్నరకు మళ్లీ యాభై నాలుగే, వేడి దిగడం ఆగింది! నేనూ తేజస్వీ చేతులు పట్టుకుని అర్ర బయట ఎగిరాం. నోళ్లు మూసుకునే ఎగిరాం, పిల్లలు పడుకున్నాయి మరి.

అంతలో బాపమ్మ ఫోన్ లైటు వేసుకుని లోపలికి పోయి, ఒక డబ్బా మూత తీసింది.

"అయ్యో, అయిపాయె! నెయ్యి లెక్క పేరుకున్నది. సల్లారిపోయింది. యమునా, కుంపటి తే! ఇవి బయట పారేస్త!" అని అమ్మను కేకేసింది.

నెయ్యి పేరుకుందంటే చల్లబడినట్టే. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది. ఆమె గోనె పట్టుకుని డబ్బాను ఎత్తింది.

"ఆగు బాపమ్మా! పేరుకుంటెనే వేడి ఇస్తది!"

అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఎవలే ఒర్రింది?"

"నీ బిడ్డకు గొంతున్నది పెద్దమ్మా!" అంది తేజస్వి.

"గోనె తీసి చెయ్యి పెట్టు," అన్నాను. నా గొంతు ఇంకా పెద్దగానే ఉంది. ఎలా తగ్గించాలో తెలియలేదు.

బాపమ్మ ఒక వేలు ఆనించి చటుక్కున తీసింది. "అమ్మో, కాల్తాంది!" తర్వాత గంప కొంచెం లేపి చూసింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి కుప్పపడలేదు. చలి లేనప్పటిలా విడివిడిగా కాళ్లు చాపుకుని పడుకున్నాయి. ఆమె చాప మీద కూర్చుని, డబ్బాకు గోనె మళ్లీ చుట్టి, నొప్పుల మోకాళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"బాపమ్మా, అది పిల్లల కోసం."

"నాలుగున్నయి కదనే వాటికి. నేను గూడ పిల్లనే."

నాకిక మాట ఆగలేదు. గడప బయట నిలబడి, పైపొరే గట్టిపడిందని, అడుగంతా ఇంకా కరిగే ఉందని, తెల్లారేదాకా వేడి వస్తుందని చెప్పాను. తక్కువ వేడికే కరిగే మైనం ఇంటి కప్పు కింద పెడితే ఎండాకాలం పగటి వేడిని అదే మింగుతుందని కూడా చెప్పాను. తేజస్వి నవ్వి నవ్వి గోడకు ఆనుకుని కూలబడింది.

"మంచిగ చెప్తానవు గని బిడ్డా," అంది బాపమ్మ కాలు చాపుతూ, "వేడంత బయటికి పోతాంది."

కాలితోనే తలుపు నెట్టింది. అది సరిగ్గా నా ముక్కు ముందు మూసుకుంది.