బయట గొళ్లెం

కృష్ణవేణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తన రెండు చేతులూ మట్టిలో ఉన్నప్పుడు బిడ్డకు ఏదన్నా అవుతుందని. రెండేళ్ల ప్రీతికి నీళ్ల బకెట్టు కనబడితే చాలు, తల దూరుస్తుంది. పుంగనూరు దగ్గర ఆడవాళ్లంతా కలిసి నడుపుకునే ఆ మట్టిపని షెడ్డులో, వేలాడదీసే పూలకుండీలకు తాడు కట్టే చెవులు అతికించడం కృష్ణవేణి పని. కుండీ, చెవి ఒకే తడి పదునులో ఉన్నప్పుడే అతకాలి. మధ్యలో లేచిపోతే ఆరిపోయి, ఆవంలో కాలేటప్పుడు పగులుతుంది. అందుకని బిడ్డను పక్కనే కూర్చోబెట్టుకుని, ఒక కన్ను కుండీ మీద, ఒక కన్ను ప్రీతి మీద పెట్టి నెట్టుకొస్తాంది.

పాలవ్యాను నడిపే మొగుడు మునిరత్నానికి ఇది పనిగా కనబడదు. పొద్దుపోక పిసికే మట్టి. బిడ్డను కాసేపు చూసుకోమంటే అత్త, "ఆవును తోలుకుపోతా నీ బిడ్డను నడుముకు కట్టుకోవాల్నా? మేమంతా పెంచలేదా?" అంటుంది. ఎట్లా పెంచినారో మాత్రం ఎప్పుడూ చెప్పదు.

వీళ్ల సరుకును న్యాయమైన ధరకు కొని పైదేశాలకు పంపే సంస్థ నుంచి మనిషి వస్తాందని తెలిసినరోజు, గుంపు పెద్ద ఎల్లమ్మ గోడమీది కాగితం చూపించింది. పిల్లల చేత పని చేయించరాదు అని ఉందందులో. బిడ్డ కాలిగుర్తు కూడా షెడ్డులో కనబడకూడదని, కనబడితే ఆర్డరు పోయి పదకొండుమంది నోట్లో మట్టి పడుతుందని చెప్పింది. ఆ మనిషి వచ్చేరోజు ఒక పూట ఇంట్లో ఉండమని కృష్ణవేణి అడిగితే, నీ బొమ్మలాటకు నేను లీవు పెట్టాల్నా అన్నాడు మునిరత్నం. ఆ పొద్దు అత్త ఆవుతో పోయింది. కృష్ణవేణి బిడ్డకు అన్నం తినిపించి నిద్రబుచ్చి, నీళ్లన్నీ బయట పారబోసి, అగ్గిపెట్టె అటక మీదికి విసిరి, బయట గొళ్లెం పెట్టి వచ్చింది.

వచ్చిన అమ్మాయి పేరు అశ్విని. వాళ్లతోపాటు కింద కూర్చుని, పని చేసేటప్పుడు పిల్లల్ని ఎవరు చూసుకుంటారని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటాంది. అందరూ అత్త అన్నారు. పక్కన కూర్చుని కుండీలు చేసే శ్వేత కూడా అత్తే అనింది. శ్వేత అత్త ఉగాదికి కుప్పంలో కూతురింటికి పోయి ఇంతవరకూ తిరిగి రాలేదు. అది షెడ్డులో తెలియనివాళ్లు లేరు. అందరూ తలలు వంచి చేతులు చూసుకున్నారు. కృష్ణవేణి వంతు వచ్చింది. అత్త అనే రెండక్షరాలు చాలు, అంతా సర్దుకుంటుంది. ఆ రెండక్షరాలు చెప్పిచెప్పే ఇక్కడిదాకా వచ్చినాం కదా అనిపించింది.

"లోపల పెట్టి బయట గొళ్లెం ఏసొచ్చినా మేడం."

ఎల్లమ్మ కృష్ణవేణి తొడ గిల్లింది. అశ్విని పెన్ను ఆగింది. ఎందుకని అడిగితే కృష్ణవేణి గోడమీది కాగితం చూపించింది.

"పని చేయించొద్దని రాసినాం గానీ, అమ్మ దగ్గర ఉండొద్దని యాడ రాసినామక్కా? పోయి ఎత్తుకొని రా ముందు," అనింది అశ్విని.

కృష్ణవేణి తొమ్మిదోతరగతిలో బడి మానేసినా చదవడం వచ్చు. ఆ కాగితాన్ని రోజూ చదువుతూనే ఉంది. సరిగ్గానే అర్థమయింది కూడా. కానీ తనకు అర్థమయిందాన్ని తాను నమ్మలేదు, పక్కవాళ్లు చెప్పిందాన్నే నమ్మింది. సగం అతికిన చెవిని అట్లే వదిలేసి, మట్టి చేతులతోనే పరుగెత్తింది. ప్రీతి తలుపుకు ఆనుకుని కూర్చోనుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

బిడ్డను చంకనేసుకుని తిరిగి పోతాంటే ఆవుతో వస్తాన్న అత్త ఎదురైంది. పనికాడికి బిడ్డను తీసుకుపోతే మునిరత్నం ఒప్పుకుంటాడా అని అడిగింది.

"ఒప్పుకోమని అడగలేదత్తా. చెప్పి పోతాండా, అంతే."

ఇప్పుడు షెడ్డులో ఓ మూల పిల్లలకు చాప పరిచి ఉంది. శ్వేత కూతురు మాత్రం ఆ చాప మీదికి రాలేదు. మట్టిలో దొర్లితే పరువు పోతుందని ఆమె మొగుడు గంగులయ్య పంపనీడు. ఎనిమిది నెలల బిడ్డ, ఇంట్లో ఒక్కతే. కృష్ణవేణి అన్నం వేళకు ఒకసారి పోయి చూసొస్తాంది. మిగతా వేళల్లో ఆమె చేతులు మట్టిలో ఉంటాయి. మీరెవరన్నా చౌడేపల్లె రోడ్డులో పోతాంటే, సుంకం గేటు దాటినాక శ్వేత వాళ్ల నీలం తలుపు ఇంటికి బయట గొళ్లెం పెట్టి ఉంటే, మనకెందుకులే అని పోవద్దు. తీసి, లోపల బిడ్డ ఎట్లుందో ఒక్కసారి చూడండి.