మన్ననూరు గుట్ట

"రోజూ ఇమానాలు సూస్తనే ఉంటవ్ గద, ఇంకేం సూడాలె నీకు?" అన్నాడు నా మొగుడు పాండు. నేనప్పుడు ప్రయాణానికి ఉల్లిగడ్డలు సంచిలో పోస్తున్నాను.

ఎండాకాలంలో నల్లమల పోదామని మొదట అడిగింది నేనే. ప్రతి ఎండాకాలం అడుగుతూనే ఉన్నాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నేను చూసేది విమానాలను కాదు, ఆడవాళ్ల టాయిలెట్లను. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. దిగొచ్చిన ఆడవాళ్లు ఫోన్లో మాట్లాడుకుంటూ నన్నూ నా తుడుపుకర్రనూ దాటిపోతారు. ఒకసారి వీపుకు పెద్ద సంచి తగిలించుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది, ఒంటరిగా. కాళ్లకున్న బూట్లను బేసిన్‌లో కడుక్కుని, ఏదో కొండెక్కి వచ్చానని నాతో చెప్పి, మట్టి చేసినందుకు ఏమనుకోవద్దని నవ్వి వెళ్లింది. ఆమె వెనకే వచ్చిన మా సూపర్‌వైజరమ్మ బేసిన్ చూసి, "గీ మట్టేంది సంతోషీ? నిద్రవోతున్నవా?" అని అందరిముందూ అరిచింది. నేను ఆ మట్టిని వేళ్లతో తీసి చూశాను. ఎర్రగా ఉంది. ఆ రోజు పట్టుకుంది నాకు, ఒక్కసారన్నా కొండెక్కాలని.

పండగలకు కూడా డ్యూటీ చేసి సెలవులు కూడబెట్టుకున్నాను. పాండు ఎట్టకేలకు సరేనన్నాడు కానీ, ఆయన సరేననగానే అది నా ప్రయాణం కాకుండా పోయింది. ఆయన కిరాయికి తిప్పే బండిలోకి ఆయన స్నేహితులు నలుగురు చేరారు. ఉమామహేశ్వరం గుడిలో పాత మొక్కు ఉందని మా అత్త లచ్చమ్మ చేరింది. బియ్యం మూట, గిన్నెలు, గాలి కొట్టే కిరసనాయిలు స్టవ్వు చేరాయి. ఇక జాగా లేక, ఎనిమిదేండ్ల నా బిడ్డను దారిలో కందుకూరులో మా అమ్మ దగ్గర దింపేశారు. "పిల్ల ఎండకు తట్టుకోదు తియ్" అన్నాడు పాండు. బండి కదులుతుంటే అది ఏడవలేదు. నా వంక చూసింది, అంతే. కల్వకుర్తి దాటేదాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. అది ఎవరూ గమనించలేదు.

మన్ననూరులో చెక్‌పోస్టుకు ఇవతల ఒక ఇల్లు కిరాయికి మాట్లాడారు. తెల్లారి అడవిలోకి తీసుకుపోయే జీపు వచ్చింది. ఈ ప్రయాణం కోసమే శంషాబాద్ బజారులో కొనుక్కున్న గుడ్డబూట్లు వేసుకుని, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని బయటికొచ్చాను. పాండు స్నేహితుడు బిక్షం చూసి పకపకా నవ్వాడు. "వదినా, పోలీస్ సెలక్షన్‌కు పోతున్నవా ఏంది?"

పాండు నవ్వలేదు. నా కాళ్లవైపు చూశాడు. "యాడికి? కోడిని కోపిచ్చి తెచ్చిన గద. మేమొచ్చేసరికి కూర తయ్యారుండాలె."

"జీపుల జాగ ఉంది గద" అన్నాను.

"జాగుంటె? అమ్మనొక్కదాన్ని ఇడిసిపెడ్తవా?"

అత్తను కూడా తీసుకుపోవచ్చు కదా అని అడగడానికి నోరు తెరిచేలోపే జీపు కదిలింది. వెనక సీటు ఖాళీగానే ఉంది. అందులో మంచినీళ్ల డబ్బా పెట్టుకున్నారు. నా జాగాలో నీళ్లడబ్బా కూర్చుని అడవి చూడ్డానికి పోయింది.

లోపలికొచ్చి కోడిముక్కలు కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి మూత పెట్టాను. కళ్లలో నీళ్లొస్తే ఉల్లిగడ్డల మీదికి నెట్టుకోవచ్చని వాటిని ముందేసుకున్నాను. మా అత్త గడపలో కూర్చుని ఊరి వెనకున్న గుట్టను చూస్తోంది. చాలాసేపు చూసి, నావైపు తిరగకుండానే అన్నది: "అవ్వగారింట్ల మేకలు గాసేదాన్ని. దినామూ గుట్ట మీదనే. లగ్గమైనంక మల్ల ఎక్కలే."

నేను ఊఁ కొట్టాను.

"వాళ్లొచ్చేసరికి పొద్దు నెత్తికెక్కుతది. కత్తి పక్కకు వెట్టు. పా, జరంత ఎక్కొద్దాం."

నమ్మలేక చూశాను. నేను పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె నాతో 'పోదాం పా' అన్న మాట అదొక్కటే. పొయ్యి తుడిచావా, బట్టలు పిండావా, వాడు తిన్నాడా. ఇవే మా మాటలు.

గుట్టెక్కుతుంటే ఆమె వేరే మనిషైంది. నేను బూట్లతో జారుతుంటే ఆమె రబ్బరు చెప్పులతో ముందు నడిచి, ఏ రాయి కదులుతుందో చూసి చెప్పింది. తునికి చెట్టు కింద ఆగి, పండిన కాయ ఏరి, పగలగొట్టి సగం నాకిచ్చింది. పంటికి అంటుకునే తీపి. పైన గాలి వేరుగా ఉంది. చూసినంత మేరా గుట్టల వెనక గుట్టలు, ఎండిన అడవి, అక్కడక్కడ పచ్చటి చారలు. నా ఒంట్లోంచి ఫినాయిలు వాసన మొదటిసారి పోయినట్టనిపించింది.

అప్పుడే అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

కింద వాగుకు అవతల ఒడ్డున నల్లగా ఏదో కదిలింది. ఎలుగుబంటి. పుట్టను గోళ్లతో పెళ్లగించి, ముక్కు లోపలికి పెట్టి బుస్సుబుస్సుమని పీలుస్తోంది. దాని వీపు మీద రెండు పిల్లలు బొచ్చు పట్టుకుని వేలాడుతున్నాయి. ఒకటి జారింది. తల్లి ఆగింది. పిల్ల మళ్లీ ఎక్కేదాకా ఆగి, అప్పుడు కదిలింది. తొందరేమీ లేదు. రాళ్ల మధ్య నుంచి ఒళ్లు ఊపుకుంటూ పైకి పోయింది.

"యాడికి వోతున్నవే అని అడిగేటోడు లేడు దానికి" అన్నది మా అత్త గుసగుసగా. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను. ఆమె చెయ్యి నా మణికట్టు మీదే ఉంది. ఆ ఒక్కపూట నాకు అత్త లేదు, ఆమెకు కోడలు లేదు.

మేం దిగేసరికి జీపు ఇంటి ముందుంది. దుమ్మూ రెండు నెమళ్లూ తప్ప వాళ్లకేమీ కనబడలేదట. ఎండకు తట్టుకోలేక ముందే తిరిగొచ్చారు. పాండు గడపలో నిలబడి ఉన్నాడు. వెనక మూత తీసిన గిన్నె, పచ్చి కోడి మీద ఈగలు.

"యాడ దిరుగుతున్నరు?"

నేను చెప్పబోయాను. నాకంటే ముందు మా అత్త అన్నది: "నేను వద్దంటనే ఉన్న బిడ్డా. ఇంటదా? గుట్ట సూస్త, గుట్ట సూస్త అని నా రెక్కవట్టి గుంజుకవాయె."

ఆమె వేళ్ల గుర్తులు ఇంకా నా మణికట్టు మీద ఉన్నాయి. ఆమె నావైపు చూడలేదు. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో, ఆ తొందరే నన్ను కోసింది. అంత వేగంగా అబద్ధమాడడం ఒక్కరోజులో రాదు. మామ బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లు, ఎవరెవరి మీద నెట్టి బయటపడి ఉంటుందో. నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నొప్పి తగ్గలేదు.

"ఎయిర్‌పోర్టుల పెద్ద పెద్దోళ్లను జూసి నెత్తికెక్కింది దీనికి. ఇగ డ్యూటీ లేదు గీటీ లేదు. ఇంట్ల పడుండు" అన్నాడు పాండు, అందరూ వింటుండగా. స్నేహితులు తలలు వంచుకుని ఫోన్లు చూసుకున్నారు. బిక్షం మాత్రం మెల్లగా, "వదినా, జర జల్ది గానియ్, ఆకలైతుంది" అన్నాడు.

నేను స్టవ్వు వెలిగించాను. నూనె పోశాను, ఉల్లిగడ్డలు వేశాను. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. ఉల్లిగడ్డలు ఎర్రబడుతుంటే తెలిసింది, ఈ కూర ఉడికితే అంతా సర్దుకుపోతుందని. వీళ్లు తింటారు, బాగుందంటారు, తేన్చుతారు. నా డ్యూటీ మాన్పించిన సంగతి ఆ గిన్నెలోనే కలిసిపోతుంది. మళ్లీ ఎవరూ ఆ మాటెత్తరు, నేను కూడా.

స్టవ్వు గాలి తీసేశాను. మంట తగ్గి ఆరిపోయింది. లోపలికెళ్లి నా సంచి తీసుకున్నాను.

"యాడికి?" అన్నాడు పాండు.

"కందుకూరు. బిడ్డను దీస్కొని ఇంటికి వోత. ఎల్లుండి డ్యూటీ ఉంది."

"పో, పో. సందెకల్ల నువ్వే ఫోన్ జేస్తవ్" అని నవ్వాడు.

మా అత్త పొయ్యి పక్కన నిలబడి ఉంది. ఆమె దగ్గర ఆగాను. నిజంగానే అడిగాను: "వస్తవా అత్తా?"

ఆమె కిటికీలోంచి గుట్టవైపు చూసింది. ఒక్క క్షణం నిజంగా చూసింది. తర్వాత కొడుకు ముఖం చూసి, కొంగు నడుముకు చుట్టింది.

నేను రోడ్డెక్కాను. హైదరాబాదు బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగి ఉంది. వెనక ఇంట్లోంచి స్టవ్వుకు గాలి కొడుతున్న చప్పుడు, ఆ తర్వాత మంట బుస్సుమని లేచిన చప్పుడు వినిపించాయి. నేను ఆర్పిన పొయ్యిని మా అత్త మళ్లీ వెలిగించింది.