గట్టు అవతలి పుప్పొడి

అన్నదమ్ముల పొలం రెండు ముక్కలైననాడే వదినకీ మరిదికీ మాటలు పోయాయి. అన్న పోయి ఏడాది తిరగకముందే తమ్ముడు మధ్యలో గట్టు వేయించి, దాని మీద ముళ్ళకంచె కట్టించాడు. బావి ఉన్న ముక్క తనే తీసుకున్నాడు. మగదిక్కు లేని మనిషికి సాగెందుకు, కౌలుకిచ్చుకుని మూల కూర్చోక, అని నలుగురిలో అన్నాడు.

ఆమె కూర్చోలేదు. పుట్టింటి దడి మీద పాకిన ప్యాషన్ ఫ్రూట్ తీగల్లో ఏది విరగకాస్తుందో చూసి, ఆ ఒక్కదాని కొమ్మలే తెచ్చి, వేళ్ళు పట్టించి, తన ముక్క నిండా నాటింది. రాటలు పాతించి పందిరి వేయించింది. తీగలు పందిరంతా కమ్ముకున్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి తెల్లటి రేకుల మీద ఊదారంగు కుచ్చులతో పూలు విచ్చుకునేవి. సాయంత్రానికి ముడుచుకుని మర్నాటికి రాలిపోయేవి. కాయ మాత్రం పట్టలేదు.

"పందిరి బాగానే వేసింది మా వదిన. పెళ్ళెవరికో," అన్నాడు మరిది, కంచె పక్కన నిలబడి, ఆమెకు వినపడేలా.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఇంతలో దగ్గర్లో పండ్లరసం ఫ్యాక్టరీ పెట్టారు. మరిది కూడా నర్సరీ నుంచి మొలకలు తెచ్చి అదే పంట వేశాడు. అతని తీగలు పూతకొచ్చిన ఏడు ఆమె తీగలకీ గుత్తులుగా కాయలు పట్టాయి. ఎందుకిలా అయిందో ఆమెకు అర్థం కాలేదు. ఫ్యాక్టరీ నుంచి తోటలు చూడవచ్చినతను విడమరిచి చెప్పాడు. ఆమెవన్నీ ఒకే తీగ కొమ్మలు కాబట్టి ఒకదాని పుప్పొడి ఒకదానికి పనికిరాదట. వేరే మొక్క పుప్పొడి అంటాలి. పక్క తోట రాటల్లో బొరియలు చేసుకున్న నల్ల తుమ్మెదలే దాన్ని మోసుకొస్తున్నాయట.

కంచె అవతల నీళ్ళు కడుతున్న మరిది ఇదంతా విన్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ నా పూల మీద పడి తింటున్నావన్నమాట," అన్నాడు.

మరుసటి పూతకు ముందు అతను రాటల్లోని బొరియలన్నిటిలో కిరసనాయిలు పోసి, మట్టితో మెత్తాడు. తుమ్మెదలు రాటలు తొలిచేస్తున్నాయని భార్యకి చెప్పాడు. ఆ ఏడు పూత విపరీతంగా వచ్చింది. తోటలో తుమ్మెదల రొద లేదు. గట్టుకు ఇటూ అటూ కూడా పూలు పూసినవి పూసినట్టే రాలాయి.

అతను కంచె దగ్గరికి కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఏం మందు కొట్టావు నా తోట మీద?"

"తుమ్మెదల్ని చంపింది నువ్వు. నన్నడుగుతావేం."

"నోరు లేస్తోందే."

"లేవాల్సినప్పుడు లేవలేదు. అందుకే బావి నీ వైపుంది."

అతను కంచె దాటి వచ్చిన తన తీగల కొసల్ని కొడవలితో నరికేసి, ఆమె చూస్తుండగానే కాలితో నలిపి వెళ్ళిపోయాడు. ఆమె పుట్టింటికి వెళ్ళి వేరే తీగల పళ్ళ గింజలు తెచ్చి నారు పోసింది. అవి పూతకొచ్చేదాకా ఆగాలి.

మళ్ళీ పూత మొదలైన కొన్నాళ్ళకి, మధ్యాహ్నం మరిది నిద్రపోయే వేళ చూసుకుని, తోడికోడలు కంచె దగ్గరికి వచ్చింది. పొలం పంచుకున్నాక ఆమె ఈ గుమ్మం తొక్కలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునేది.

"నీ మీద ప్రేమతో రాలేదు," అంది. "మాకూ కాయ లేదు. ఏం చెయ్యాలో నీకు తెలుసని వచ్చా."

పెద్దావిడ మొదట పొమ్మందామనుకుంది. కానీ తన తీగల వంక చూసుకుని, అవతలి తోట పూలు కోసి తెమ్మంది. తుమ్మెద చేసే పనే తను చేస్తూ, ఆ పువ్వు పుప్పొడిని వేలికొసతో తీసి, తన తీగ పువ్వు నడిమి మూడు కొమ్ముల మీద రాసి చూపించింది. నీ తోటలో ఒక మొక్కది ఇంకో మొక్కకి రాసుకో, నాకు రోజూ దోసెడు పూలు తెచ్చియ్యి, అని బేరం పెట్టింది.

అలా ఆ పూతకాలమంతా సాగింది. పువ్వులు చేతులు మారేవి. మాటలు తక్కువ. ఒక్కోసారి చిన్నామె మొగుడి మీద ఏదో చెప్పబోతే పెద్దావిడ చెవిన పెట్టేది కాదు. కాయలు పట్టాయి. కోతలప్పుడు తన చేతి చలవని మరిది ఊరంతా చెప్పుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ నోరు విప్పలేదు.

మరుసటి ఏటికి ఆమె కొత్త తీగలు పూశాయి. మధ్యాహ్నం తోడికోడలు అలవాటుగా కొంగులో పూలతో వచ్చి నిలబడింది.

"ఇక నాకక్కర్లేదు," అంది పెద్దావిడ, తిరిగి చూడకుండా. "నా పువ్వులు నాకున్నాయి. ఇంకెప్పుడూ రాకు."

"పూల కోసమే వస్తున్నాననుకున్నావా అక్కా," అంది చిన్నామె. పొలం పంచుకున్నాక అక్కా అని పిలవడం అదే మొదలు.

పెద్దావిడ వెనక్కి తిరగలేదు. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా పువ్వు తర్వాత పువ్వుకి పుప్పొడి రాస్తూనే ఉంది. తర్వాత చూసుకుంటే, ఏ తీగది ఏ తీగకి రాసిందో ఆమెకే తెలియలేదు.