యూరప్‌కి కట్టిన మూట

దండాసి యూరప్ పటం చంకన పెట్టుకుని మా వీధికి వచ్చిన సాయంత్రం, వీధి మొదట్లో మా అబ్బాయి కోటిబాబు బస్సు అడ్డంగా నిలబడి ఉంది.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం చివర. రంగూన్‌లో ఆఫీసులు లేవు, మిల్లులు లేవు, రేవులో ఓడలకు సరుకెత్తేవాళ్ళు లేరు. జనమంతా ఊరేగింపుల్లో ఉన్నారు. ఇన్సేన్ జైలు తలుపులు తెరిచేశారనీ, దొంగలు ఊరి మీద పడ్డారనీ పుకారు లేచింది. దాంతో ప్రతి వీధివాళ్ళూ రెండు చివర్లా వెదురు గుంజలు పాతి, గేటు కట్టి, వంతులవారీగా కాపలా కూర్చున్నారు. చూస్తుండగానే మా పజుండౌంగ్ పేటలో ఒక్కో వీధి ఒక్కో ఊరైపోయింది.

మా వీధికి ఒక వైపు గేటుకే వెదురు సరిపోయింది. రెండో వైపు కోటిబాబు బస్సు పెట్టాం. యుద్ధంనాటి షెవర్లే లారీకి చెక్క బాడీ బిగించిన బస్సది. మంచి రోజుల్లో ఇన్సేన్ దాకా తిరిగేది. ఇప్పుడు పెట్రోలు లేదు. మా వీధిలోకి రావాలంటే ఎవరైనా సరే, వెనక తలుపులో బస్సెక్కి ముందు తలుపులోంచి దిగాల్సిందే. కోటిబాబు డ్రైవరు సీట్లో కూర్చుని, “టిక్కెట్, టిక్కెట్” అని ఎక్కినవాళ్ళనల్లా ఆటపట్టించేవాడు.

సాయంత్రం వాడి వంతు కాపలా. నేను శనగపప్పు వడలు వేసి పట్టుకెళ్ళేదాన్ని. నా వ్యాపారమే అది. బర్మావాళ్ళు బయాజో అని ఇష్టంగా తింటారు. నా వెనకాలే మా అమ్మాయి రాధారాణి వచ్చి కిటికీ పక్క సీట్లో కూర్చునేది. గాలి కోసం అనేది. గాలి అన్ని కిటికీల్లోంచీ వస్తుంది. దండాసి వచ్చే దారి మాత్రం ఆ ఒక్క కిటికీలోంచే కనబడుతుంది.

దండాసిది బొటతౌంగ్ వైపు ఇల్లు, మాకు పడమర. గంజాం నుంచి వచ్చిన వాళ్ళు. తల్లి అప్పలనరసమ్మ తెలుగులో మొదలుపెట్టిన మాట ఒడియాలో ముగిస్తుంది. కుర్రాడు ఓడలో ఇంజన్‌కి నూనె పోసే పని చేస్తాడు. వానలు మొదలైనప్పుడు ఆ తల్లి రాధని అడగడానికి వచ్చింది. నేను కాఫీ ఇచ్చి, కాదని పంపేశాను.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఓడ మీదే కోపం. మా ఆయన కన్నయ్య ఐరావతిలో నడిచే లాంచీ మీద కలాసీ. వెళ్తే ఎప్పుడొస్తాడో ఆ నదికే తెలియాలి. నా వయసంతా కిటికీ ఊచలు పట్టుకునే గడిచిపోయింది. పోయేముందు మటుకు ఆయన ఇంట్లోనే ఉన్నాడు, అంతవరకు నా అదృష్టం. నా కూతురికి ఆ ఊచలు వద్దు అనుకున్నాను.

ఆ సాయంత్రం దండాసి బస్సెక్కి, పటం విప్పి సీటు మీద పరిచాడు.

“అత్తా, ఈ గొడవలు సద్దుమణిగితే మనందరం యూరప్ వెళ్దాం. ఇదే బస్సులో.”

“ఎవర్రా నీకు అత్త?”

“ఇంకా ఎవరూ లేరు. అందుకే అలవాటు చేసుకుంటన్నాను.”

కోటిబాబు పగలబడి నవ్వాడు. “బావా, కూర్చో, వడ తిను” అన్నాడు. నేను వాడివైపు ఉరిమి చూశాను. రాధ తల కిటికీలోంచి బయటే ఉంది గానీ, చెవులు లోపలే ఉన్నాయి.

ఆ రోజుల్లో మా దేశంలోంచి ఎవరూ బయటికి పోలేరు, బయటివాళ్ళు లోపలికి రాలేరు. మాలాంటివాళ్ళకైతే పాస్‌పోర్టు మాట అటుంచి, ఈ దేశం మనుషులమని రాసిన కాగితమే సరిగ్గా ఉండదు. ఓడవాళ్ళొక్కళ్ళే బయట గాలి పీల్చేవాళ్ళు. అందుకని యూరప్ అంటే నాకు నవ్వొచ్చింది. కానీ పటం బాగుంది. ఊరి పక్కన ఊరి బొమ్మ వేసి ఉంది. నాకు అప్పటికి ఏ భాషలోనూ అక్షరం రాదు. బొమ్మలైతే ఎవరైనా చదవొచ్చు.

“సెప్పు మరి. ఎక్కడెక్కడ ఆగుతాం?” అన్నాను.

దండాసి వేలు పెట్టి చూపించాడు. హాంబర్గ్. అక్కణ్ణించి రాటర్‌డామ్. అక్కణ్ణించి కిందికి మార్సేల్. తర్వాత జెనోవా.

“ఇవన్నీ నీళ్ళ ఒడ్డునే ఉన్నాయేటి?”

“రేవులు కదా అత్తా. నేను చూసినవి అవే.”

“రేవు చూడ్డానికి అంత దూరం ఏటికిరా? గోదాములూ, కాకులూ, సారా కొట్లూ. అవి మన బొటతౌంగ్‌లో లేవా? లోపలి ఊళ్ళు చూపించు.”

దండాసి బుర్ర గోక్కున్నాడు. అన్ని సముద్రాలు తిరిగినవాడు ఒడ్డు దాటి మైలు లోపలికి పోలేదు. ఓడ సరుకు దించేలోపల తిరిగి రావాలి కదా. అక్కడ కోటిబాబు అందుకున్నాడు.

“లోపలి దారి నాకొదిలెయ్ బావా. ఈ బండికి గంటకోసారి రేడియేటర్లో నీళ్ళు పొయ్యాలి. లేకపోతే కుక్కర్‌లాగా కూస్తది. నీళ్ళు ఎక్కడుంటే అక్కడే ఆగుతాం. అంతే లెక్క.”

మా యూరప్ ప్రయాణానికి అదే సూత్రమైంది. ముగ్గురం పటం మీద వంగి, చెరువున్న ఊరికోసం వెతికాం. ఫ్రాన్స్‌లో ఆనెసీ అని ఒక ఊరు దొరికింది. సరస్సులోంచి కాలవలు ఇళ్ళ మధ్యగా పోతున్నాయి. “ఇక్కడ బండి ఆపకుండానే చెంబుతో ముంచుకోవచ్చు” అన్నాడు కోటిబాబు. ఆస్ట్రియాలో కొండకీ సరస్సుకీ మధ్య ఇరుక్కున్న హాల్‌స్టాట్. ఆ కొండలో ఉప్పు తవ్వుతారని ఓడలో ఎవరో చెప్పారట. ఊరగాయలకి ఉప్పు దొరకక అల్లాడుతున్న రోజులవి. “అక్కడ రెండు పూటలు ఆగాలి” అన్నాను. యుగోస్లావియాలో బ్లెడ్. సరస్సు మధ్యలో దీవి, దీవి మీద గుడి. వాళ్ళు చర్చి అంటారు, నీళ్ళ మధ్య ఉంటే నాకు గుడే.

అప్పటిదాకా మాట్లాడని రాధ, తల లోపలికి తిప్పి, “రంగురంగుల ఇళ్ళు, కిటికీల నిండా పువ్వులు, ఇదేటి?” అంది.

“కోల్మార్” అన్నాడు దండాసి.

“దీనికి చెరువు లేదే” అన్నాడు కోటిబాబు.

“కాలవ ఉంది చూడు” అన్నాడు దండాసి. గొంతులో ఎంత కంగారంటే, కాలవ లేకపోతే తనే తవ్వేసేలా ఉన్నాడు.

మర్నాటినుంచి దాదాపు రోజూ వచ్చాడు. వాళ్ళ ఇంటినుంచి మా ఇంటికి మామూలుగా అయితే బీడీ కాలేలోపు నడక. ఇప్పుడు దారి పొడుగునా గేట్లు. ప్రతి గేటు దగ్గరా ఎవరు, ఎక్కడికి, ఏం పని అని అడుగుతారు. కోటిబాబు ఆ గేట్లకి మన పటంలోని పేర్లు పెట్టేశాడు. పొంగీలు, అంటే బౌద్ధ సన్యాసులు, కాపలా కాసే మఠం వీధి ఆనెసీ. ఉప్పుచేపల కొట్లున్న వీధి హాల్‌స్టాట్. కాలవ మలుపులో, నీళ్ళు పొంగితే దీవిలా మిగిలే వీధి బ్లెడ్.

దండాసి బస్సెక్కి కూర్చోగానే నేను అడిగేదాన్ని. “ఈవేళ ఆనెసీలో ఏటి సంగతి?”

“పొంగీలు బియ్యం పంచుతున్నారత్తా. ఒక ముసలమ్మ రెండోసారి వరసలో నిలబడి దొరికిపోయింది. నాకు కవల అక్క ఉందని బొంకింది.”

“హాల్‌స్టాట్‌లో?”

“మీకు ఉప్పు పంపించారు.” జేబులోంచి పొట్లం తీసేవాడు.

“మరి బ్లెడ్‌లో?”

“ఊ బ థాన్ తాత మళ్ళీ చదరంగంలో ఓడాడు. పావులు వానకి తడిసి ఉబ్బిపోయాయి, అందుకే ఓడానంటాడు.”

ఊ బ థాన్ ఆ గేటు కాపలా పెద్దమనిషి. నేను ఆయన్ని చూడలేదు. అయినా రెండు వారాలు తిరిగేసరికి నాకు ఆ మూడు వీధులూ మా పుట్టిల్లంత తెలిసిపోయాయి. వాడు రాని పూట వడలు మిగిలిపోయేవి. వాడికోసం ఎక్కువ వేస్తున్నానని అప్పటికి ఒప్పుకోలేదు.

“ఏమ్మా, వడలకి లెక్క తప్పుతోంది” అంది రాధ ఒకరోజు.

“పప్పు పాతది. ఎక్కువ ఉబ్బుతోంది.”

“ఊ బ థాన్ పావుల్లాగానా?”

దీని నోటికి తాళం లేదు.

తర్వాత ఆ ఆదివారం వచ్చింది. సాయంత్రం రేడియోలో పాటలు ఆగిపోయి, సైన్యం బాజా మోగింది. సైన్యం అధికారం తీసుకుందనీ, చీకటి పడితే ఎవరూ బయట ఉండకూడదనీ చెప్పారు. ఊరేగింపు నినాదాలు వినబడే వైపునుంచి కాసేపటికి తుపాకుల మోత వినబడింది. కోటిబాబు బస్సు దిగి, మమ్మల్ని ఇంట్లోకి తోసి, తలుపు గడియ పెట్టాడు.

అప్పటికి దండాసి రావలసిన వేళ దాటింది. బయల్దేరాడో లేదో తెలియదు. బయల్దేరితే ఏ గేటు దగ్గర ఉన్నాడో తెలియదు.

దీపం తగ్గించేశాం. ఎవరూ సరిగా తినలేదు. నాకు ఒక్కచోట కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. కొంతసేపటికి వెనకనుంచి రాధ గొంతు వినబడింది.

“ఏటమ్మా, అక్కడేటి చేస్తన్నావ్?”

చూసుకుంటే నేను కిటికీ దగ్గర ఉన్నాను. రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఉన్నాను. మా ఆయన పోయాక మళ్ళీ ఆ ఊచలు ముట్టలేదు నేను.

“ఏం లేదే. వాన వస్తదేమోనని.”

అది వచ్చి నా పక్కనే నిలబడింది. పక్క ఊచ పట్టుకుంది.

రెండు రోజులు అలాగే గడిచాయి. సైనికులు వీధుల్లోకి వచ్చి గేట్లన్నీ పీకించేశారు. మా బస్సు తియ్యమన్నారు. పెట్రోలు లేదని కోటిబాబు చెబితే, తోయమన్నారు. వీధి వీధంతా కలిసి తోసింది. నేను కూడా ఒక చెయ్యి వేశాను.

ఆ మర్నాడు పొద్దున్న, వడల బాణలి పొయ్యి మీద పెడుతుండగా, గుమ్మంలో మనిషి అలికిడి. దండాసి. చొక్కా మాసిపోయింది, గడ్డం పెరిగింది. లుంగీ మాత్రం కొత్తది, ముసలివాళ్ళు కట్టే గళ్ళ లుంగీ.

“బ్లెడ్‌లో దిగిపోవాల్సి వచ్చిందత్తా” అన్నాడు. “తుపాకులు మొదలవగానే ఊ బ థాన్ తాత నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. రెండు రోజులూ చదరంగమే. ఇరవైసార్లు ఓడాడు. ఒక్కసారి నేనే ఓడిపోయాను, లేకపోతే బయటికి వదిలేలా లేడు.”

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వాటి మధ్య తిట్టే ముందొచ్చింది.

“బుద్ధుందా లేదా నీకు? గొడవని తెలిసి ఎందుకు బయల్దేరావురా? ఇక్కడ మనుషులు కిటికీ దగ్గర చచ్చిపోతన్నారని తెలీదూ?”

వాడు నోరు తెరుచుకుని నా వంక చూశాడు. తర్వాత రాధ వంక చూశాడు. రాధ గోడవైపు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తల్లినైనా చెప్పలేను.

పెళ్ళి కాదన్నాను, కిటికీ తప్పిందా? దానికీ తప్పలేదు, నాకూ తప్పలేదు. ఎలాగూ తప్పనప్పుడు, వచ్చేవాడు మనవాడైతే కనీసం హక్కుగా తిట్టొచ్చు.

“యూరప్‌కి ఎప్పుడు బయల్దేరడం?” అన్నాను.

“అత్తా, రేవు తెరిస్తే నేను ఓడెక్కాలి. మన అందరి పాస్‌పోర్టులు… ఇప్పట్లో…”

“అది నాకు తెల్దేటి? ఇప్పుడు వెళ్ళలేం. కానీ గురువారం పొద్దున్న మంచిది. ప్రస్థానం పెట్టేద్దాం.”

మా వైపు ఆచారమది. ముహూర్తం ఉండి మనిషి కదల్లేకపోతే, బియ్యం, పసుపు, వక్క, ప్రయాణం చేసే మనిషి బట్ట ఒకటి మూటగట్టి, ప్రయాణం దిక్కునున్న ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే. ఆ మూట వెనక్కి తేకూడదు. అక్కణ్ణించే ముందుకు వెళ్ళాలి.

“ఎవరింట్లో పెడతావమ్మా?” అన్నాడు కోటిబాబు.

“యూరప్ పడమర కదా. పడమరనున్న ఇల్లు కావాలి. అదీ పరాయి ఇంట్లో పెట్టకూడదు. మనవాళ్ళ ఇల్లు కావాలి.”

పొయ్యి మీద నూనె చిటపట మంటోంది. దండాసి నిలబడ్డవాడు నిలబడ్డట్టే చతికిలబడ్డాడు.

గురువారం పొద్దున్న రాధ ఆకుపచ్చ చీర వేసి మూట కట్టాను. కోటిబాబుని వెంటబెట్టుకుని నడిచాను. మఠం వీధి, ఉప్పుచేపల వీధి, కాలవ మలుపు. గేట్ల గుంజలు పీకిన గుంటల్లో వాననీళ్ళు నిలిచాయి. బ్లెడ్ మలుపులో ఒక ముసలాయన అరుగు మీద ఒక్కడే చదరంగం ముందు కూర్చుని ఉన్నాడు. నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టాను. ఎవరో తెలియకపోయినా ఆయనా తలూపాడు.

పెద్ద రోడ్డు మీద సైనికుడు ఆపాడు. మీసం కూడా రాని కుర్రాడు, తుపాకీ వాడికంటే పొడుగ్గా ఉంది.

“అమేజీ, ఆ మూటలో ఏమిటి?” అన్నాడు బర్మీస్‌లో, పెద్దమ్మా అని పిలిచినట్టు.

“బియ్యం, పసుపు, మా అమ్మాయి చీర.”

“ఎక్కడికి?”

“యూరప్‌కి” అన్నాను.

పక్కనుంచి కోటిబాబు నా కొంగు పట్టి లాగాడు. సైనికుడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. మూట విప్పించి, బియ్యం వేళ్ళతో కెలికి, మళ్ళీ కట్టేసుకోమన్నాడు.

“దూరం కదా అమేజీ, చీకటి పడేలోపు ఇంటికొచ్చెయ్” అన్నాడు. మూతి బిగించుకున్నాడు గానీ కళ్ళల్లో నవ్వు దాగలేదు.

అప్పలనరసమ్మ గుమ్మం కడుగుతోంది. నన్ను చూసి చీపురు పక్కన పడేసింది. వానాకాలం మొదట్లో నేను కాదన్న మాట ఆమె మొహంలో ఇంకా ఉంది. నా చేతిలో మూట చూసింది, పసుపు మరకలు చూసింది, మూట అంచున బయటికొచ్చిన ఆకుపచ్చ చీర చెంగు చూసింది.

“దూర ప్రయాణం పెట్టుకున్నాం” అన్నాను. “ఇప్పుడు కదల్లేం. మీ ఇంట్లో ప్రస్థానం పెట్టుకోనిస్తారా?”

ఆమె తడి చేతులు చీరకి తుడుచుకుని, రెండు చేతులూ చాపి మూట అందుకుంది. కళ్ళకద్దుకుంది. మొదట ఒడియాలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు. తర్వాత తెలుగులోకి వచ్చింది.

“లోపలికి రా వదినా” అంది. “కాఫీ తాగి వెళ్దువుగాని.”