పెట్టె అడుగున కత్తెర

ఓడ గదిలో మూడు మంచాలు వేసి ఉన్నాయి. మూడింటి మీదా తెల్లటి దుప్పట్లు ఒక్క ముడత లేకుండా పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో తువ్వాలు మడిచి పెట్టారు. వాటిని చూసి పాపాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

పాపాయి అంటే పసిపిల్ల కాదు లెండి. యాభై మూడేళ్ల మనిషి. డాక్టరు గారి క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, ఊళ్లో సగం మందిని చీటీ చూసి లోపలికి పంపే మనిషి. కానీ అక్క చిన్నప్పుడు పెట్టిన పిలుపు అలాగే అంటుకుపోయింది. కట్టుకున్నవాడు కూడా అలాగే పిలుస్తాడు.

"చూశావా పాపాయీ, వదిన వచ్చుంటే ఆ కిటికీ పక్క మంచం ఆవిడకే ఇచ్చేవాళ్లం" అన్నాడాయన, సొరుగులన్నీ ఒక్కొక్కటే లాగి చూస్తూ. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంకొకళ్లు నడిపేదాంట్లో కాళ్లు చాపుకుని కూర్చోవాలన్న ముచ్చట ఇన్నాళ్లకి తీరుతోంది. కుళాయి తిప్పి చూశాడు, దీపాలు వేసి ఆర్పాడు, మంచం మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూశాడు. "పాపం, గుండె జబ్బు రావడానికి ఇప్పుడే దొరికిందా ఆవిడకి?"

వదినగారికి, అంటే పాపాయి అక్కకి, జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఆ జబ్బు పాపాయి పుట్టించింది.

జరిగింది ఇదీ. అరవై దాటినవాళ్లు ఓడెక్కాలంటే డాక్టరు కాగితం కావాలన్నారు. అక్కకి అరవై నాలుగు. డాక్టరు గారు పరీక్ష చేసి, భేషుగ్గా వెళ్లి రావచ్చని సంతకం పెట్టి, ఆ కాగితం పాపాయి చేతికే ఇచ్చారు. పాపాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచీలో దాచేసింది. ఇంటికొచ్చి, "గుండె కాస్త బలహీనంగా ఉందన్నారక్కా. ప్రయాణం వద్దన్నారు. వచ్చాక పెద్ద పరీక్షలు చేయిస్తారట" అంది. ఎంత సులువుగా అనేసిందో! నాలుక తడబడనైనా లేదు.

అమ్మ పోయాక పాపాయిని పెంచింది అక్కే. అది నిజం. ఇవాళ్టికీ పెంచుతూనే ఉంది, అదే వచ్చిన చిక్కు. ఏ చీర కట్టాలో, ఎంత తినాలో, మొగుడితో ఎంత గట్టిగా మాట్లాడాలో అంతా అక్కే చెప్పాలి. పై వాటాలో పాపాయి వాళ్లు, అక్కా ఉంటారు. కింద వాటాలో అక్క కుట్టుపని. సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి పాపాయి కూడా అక్కడే కూర్చుంటుంది, హుక్కులు కుట్టడానికి. ముప్పై ఏళ్లుగా హుక్కులే. గుడ్డ కత్తిరిస్తానంటే, "నీకు చెయ్యి నిలవదు, ఉండు" అంటుంది అక్క. అక్క పెద్ద కత్తెర ముట్టుకున్నందుకు పదేళ్లప్పుడు తిన్న చెంపదెబ్బ పాపాయికి ఇంకా గుర్తే. ఐదంటే ఐదు రోజులు అక్క లేకుండా ఉండాలనిపించింది. అంతకు మించి చెడు ఉద్దేశం ఏమీ లేదు. అలా అని, ఆ అబద్ధం ఆడిన దగ్గర్నుంచి ఈ పద్దెనిమిది రోజులూ తనకి తాను నచ్చచెప్పుకుంటూనే ఉంది.

ఓడెక్కేటప్పుడు కూడా, "మూడో ఆవిడ ఏరీ?" అని గుమస్తా అడిగితే, "ఒంట్లో బాగాలేదు" అంది. అతను జాబితాలో అక్క పేరు పక్కన అదే రాసుకున్నాడు.

గదిలో ఫోను మోగింది. వాళ్ల పెట్టెని సెక్యూరిటీ గదిలో ఆపారట, ఎవరైనా ఒకరు రావాలట.

"నువ్వెళ్లి చూడు, నేను ఈ బాల్కనీ తలుపు సంగతేమిటో చూస్తాను" అన్నాడాయన. అది తోసే తలుపు. ఆయన లాగుతున్నాడు.

సెక్యూరిటీ గది ఓడ అడుగు భాగంలో ఉంది. ఇరుకు గది, పొడుగాటి బల్ల, ఒక గుండ్రటి కిటికీ. చేతులకి తొడుగులు వేసుకున్న ఒకావిడ పెట్టె తెరవమంది.

ఆ పెట్టె సర్దింది కూడా అక్కే. ఇంకెవరు సర్దుతారు? చీరలు ఒక వైపు, ఆయన చొక్కాలు ఒక వైపు, మందులు పై జేబులో, ప్రతి పొట్లం మీదా పొద్దున అనీ రాత్రి అనీ రాసి ఉంది. అన్నిటికీ అడుగున, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి, కత్తెర. అక్క కత్తెర. పిడికి అరిగిపోయిన చోట గుడ్డపీలిక చుట్టిన ఆ పెద్ద కత్తెర.

"ఇంత కత్తెర ఓడలోకి రానివ్వరమ్మా. మా దగ్గర ఉంచి, దిగేటప్పుడు ఇస్తాం. రసీదు ఎవరి పేరు మీద రాయను?"

పాపాయి తన పేరు చెప్పింది. గుడ్డ మడతలోంచి ఒక చీటీ జారిపడింది. కొలతలు రాసే పుస్తకంలోంచి చింపిన కాగితం.

'పాపాయీ, ఇంట్లో ఇస్తే గొడవ చేస్తావని ఇక్కడ పెట్టాను. ఇంక ఇది నీది. నా గుండె సంగతి నువ్వు సగమే చెప్పావని తెలుసు. నేను భయపడతానని దాచావు. చేతిలో ఉన్న గుడ్డలన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేశాను. నీ చెయ్యి ఎప్పుడో నిలిచింది. నేనే కత్తెర వదల్లేక ఆ మాట అన్లేదు. హాయిగా తిరిగి రా.'

ఈ పద్దెనిమిది రోజులూ అక్క పైకి రాలేదు. కింద బల్ల పక్కనే పక్క వేయించుకుంది. అలిగిందనుకుంది పాపాయి. అలగనీ, నాలుగు రోజులు పోతే తనే దిగొస్తుందిలే అనుకుంది. ఛీ, ఏం మనిషిని నేను!

"ఇక్కడ ఫోన్ పనిచేస్తుందా అండీ?"

"ఇప్పుడు పనిచేస్తుంది. ఐదింటికి ఓడ కదులుతుంది. ఆ తర్వాత ఐదు రోజులూ సిగ్నల్ ఉండదు."

నాలుగూ నలభై అయింది. పాపాయి కిటికీ దగ్గరికి వెళ్లి అక్కకి ఫోను చేసింది.

"ఏమే, సర్దుకున్నారా?" అంది అక్క. "మందులు పై జేబులో పెట్టాను, చూశావా? మరిది గారిని ఎండలో తిరగనివ్వకు."

"అక్కా, నీకు జబ్బేం లేదు."

"ఓహో, కత్తెర చూశావన్నమాట. ఊరుకోవే, నాకు ధైర్యం చెప్పకు."

"ధైర్యం కాదక్కా. నువ్వు వెళ్లి రావచ్చని డాక్టరు గారు కాగితం రాసిచ్చారు. నేనే దాచాను. నీకు అబద్ధం చెప్పాను."

పాపాయి చెవికి ఫోను ఇంకా గట్టిగా అదుముకుంది.

"చదువు" అంది అక్క.

పాపాయి చేతిసంచీలోంచి కాగితం తీసింది. నాలుగు మడతలూ విప్పింది. గుండె, రక్తపోటు, ఊపిరి, అన్నీ బాగున్నాయి. ప్రయాణానికి అభ్యంతరం లేదు. సంతకం, తేదీతో సహా చదివింది.

"ఇంకోసారి చదువు."

ఇంకోసారి చదివింది. రెండోసారి సగంలో ఉండగానే అక్క ఏడుపు వినబడింది. అక్క ఏడవగా పాపాయి ఎన్నడూ వినలేదు, అమ్మ పోయిన రోజున కూడా.

"కూర్చునే నిద్రపోతున్నానే ఇన్ని రోజులూ" అంది అక్క. "పడుకుంటే మళ్లీ లేవనేమోనని. ఎందుకే ఇలా చేశావు?"

నాలుగైదు సాకులు నోటిదాకా వచ్చాయి. పాపాయి వాటిని మింగేసింది. "ఐదు రోజులు నువ్వు లేకుండా ఉండాలనిపించిందక్కా. అంతే."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా!" అక్క గొంతు ఒక్కసారిగా పెరిగింది. "మోకాళ్ల నొప్పులు, నేను రానని మరిది గారితో నేనే చెప్పేదాన్ని. నీకోసం ఎన్ని అబద్ధాలు ఆడలేదు నేను? ఇంకొకటి ఆడలేనా?"

తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది.

"ఇప్పుడు నీతో మాట్లాడను. ఐదు రోజులు పోయాక, వచ్చి నా ఎదురుగా కూర్చో, అప్పుడు మాట్లాడతా. నేను పైకి వెళ్లి పడుకుంటాను" అంది అక్క. కానీ ఫోను కట్టెయ్యడం మరిచిపోయింది. చెప్పుల చప్పుడు, ఒక మెట్టు, ఇంకో మెట్టు, మధ్యలో ఆగడం, ఊపిరి పీల్చి చూసుకోవడం, మళ్లీ మెట్టు. పై మెట్టు దాకా అన్నీ వింది పాపాయి. ఆ తర్వాత తలుపు తీసిన చప్పుడై లైను తెగిపోయింది.

బల్ల దగ్గరికి తిరిగొచ్చి, "రసీదు మీద నా పేరు కొట్టేయండి. అది మా అక్కది" అంది.

"ఓడలో లేనివాళ్ల పేరున రాయకూడదమ్మా."

"మా గది జాబితాలో ఉంటుంది, చూడండి. మూడో పేరు."

ఆవిడ కాగితాలు తిరగేసింది. "ఉంది. ఎక్కలేదు, కారణం అనారోగ్యం అని రాసుంది."

"అది కూడా తప్పే. దిద్దండి."

"ఏమని రాయమంటారు?" అని కలం పట్టుకుని అడిగిందావిడ.

"చెల్లెలు రానివ్వలేదని రాయండి" అంది పాపాయి.